ఆయ్ అన్నది ఎవరితో?

ఆ షెడ్డు మొత్తంలో దుమ్ము పట్టని వస్తువు ఒక్క కుర్చీయే.

కరుణ గుమ్మంలోనే ఆగిపోయింది. రొయ్యల మేత బస్తాలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. మేత తాలూకు గోధుమరంగు పొడి నేల మీద, బస్తాల మీద, మూలనున్న మోటారు మీద, ఆఖరికి గోడకి కొట్టిన మేకుల మీద కూడా పేరుకుని ఉంది. నీచు వాసన గొంతులో పట్టుకుంటోంది. ఇంత సంతలో ఆ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ మాత్రం పెళ్లివారి కోసం వేసినట్టు తళతళలాడుతోంది.

"ఇక్కడేం లేదు మేడమ్. నిన్ననే మావాళ్లు అంతా చూసేశారు," అన్నాడు వెనకనుంచి వీరేంద్ర.

"చూసేరు లెండి. కనబడలేదు, అంతే," అంది కరుణ వెనక్కి తిరక్కుండానే.

వీరేంద్ర సప్తధార సీఫుడ్స్ కంపెనీకి భద్రతాధికారి. హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి నిన్ననే కారు దిగాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ట్యాబు, మొహంలో తనకి తెలియంది లేదన్న ధీమా. కరుణ సంగతి వేరు. ఒకప్పుడు కొత్తపేట స్టేషన్లో ఎస్సై. పై అధికారితో పడక ఉద్యోగానికో దణ్ణం పెట్టి, అమలాపురంలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. ఆమెను ఈ పనికి పెట్టుకుంది కంపెనీ కాదు, ఏంజెల్. తప్పిపోయిన జయప్రకాష్ భార్య.

జయప్రకాష్ కంపెనీలో నీటి తనిఖీ అధికారి. సోమవారం పొద్దున్న బండెక్కి వెళ్లినవాడు బుధవారం మధ్యాహ్నమైనా ఇంటికి రాలేదు. బండి మాత్రం ఈ చెరువు గట్టు మీదే దొరికింది, రాజోలు దాటాక, ఊళ్లకి దూరంగా, తాళంచెవి కూడా బండికే వదిలేసి.

అతను చేసే పనే అంత చెడ్డది పాపం. సప్తధార వాళ్లు నాలుగేళ్లుగా పర్యావరణం కోసం నిజంగానే చేతులు కాల్చుకుంటున్నారు. ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు కట్టారు. కప్పుల నిండా సోలారు పలకలు పరిచారు. అక్కడితో ఆగి ఫొటోలు దిగినా ఎవరికీ బాధ ఉండేది కాదు. ఆగలేదు. మంచినీళ్ల కాలవనీ పక్కనున్న వరిచేలనీ ఉప్పు చేసే చెరువులో పెరిగిన రొయ్య మాకొద్దన్నారు. పరీక్షలో నెగ్గిన చెరువు గట్టున ఆకుపచ్చ జెండా, తప్పినదాని గట్టున ఎర్ర జెండా. ఎర్ర జెండా పడిందా, ఆ సరుకు సప్తధార కొనదు. ఆ జెండాలు పాతే చెయ్యి జయప్రకాష్‌ది. ఆ చెయ్యి కనబడకపోతే అనుమానం ఎవరి మీదకి పోతుంది? వీరేంద్ర వచ్చీ రాగానే ఎర్ర జెండా రైతులు ఆరుగురిని పోలీసుల చేత స్టేషన్లో కూర్చోబెట్టించాడు.

ఈ చెరువుది మాత్రం ఆకుపచ్చ జెండా. అందుకే దీన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు.

కరుణ లోపలికి అడుగుపెట్టింది. కుర్చీ చుట్టూ తిరిగింది, వంగి కోళ్ల కింద చూసింది. తర్వాత మోటారు వెనక చెయ్యి పెట్టి ఒక చేతి తువ్వాలు బయటికి లాగింది. అంచున ఆకుపచ్చ దారంతో చిన్న ఆకు బొమ్మ, కంపెనీ గుర్తు. తువ్వాలు నిండా గోధుమరంగు పొడి.

"ఇది జయప్రకాష్‌ది. తనిఖీవాళ్లందరికీ మీరే ఇచ్చేరు కదండీ?"

వీరేంద్ర మొహం కాస్త వాడింది. "అయితే ఇక్కడే కొట్టారన్నమాట. నోట్లో గుడ్డ కుక్కి ఉంటారు."

"కుక్కితే తడి మరకుండాలండి. ఇందులో మేత పొడి తప్ప ఏమీ లేదు." కరుణ తువ్వాలుని కుర్చీ చేతి మీద పెట్టి చూపించింది. "దీంతో ఈ కుర్చీ తుడిచేడు. ఒక్క కుర్చీయే ఉంది చూసేరా? తను కూర్చోడానికి అయితే అరచేత్తో రెండు దెబ్బలేసి కూర్చుంటాడు. కోళ్ల దాకా, వీపు వెనక దాకా ఇంత శ్రద్ధగా తుడిచేడంటే ఎవరినో కూర్చోబెట్టి తను నిలబడ్డాడండి."

"మా ఆఫీసర్ రైతుల ముందు నిలబడతాడా?"

"అదే నేనూ అడుగుతున్నాను."

బయట చెరువులో, రొయ్యలకి గాలి అందడానికి కరెంటుతో తిరిగే గాలి చక్రాలు నీళ్లని చితక్కొడుతున్నాయి. ఆ మోతలో పక్కవాడి మాటే సగం వినబడదు. ఇక్కడ మనిషి గొంతు చించుకున్నా కాలవ గట్టు దాకా వెళ్లదని అప్పుడు తట్టింది కరుణకి. పట్టపగలే, వీరేంద్ర వెంట వచ్చిన ఇద్దరు ముగ్గురు గార్డులు పక్కనుండగానే, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. ఎస్సైగా చాలా చూసింది గానీ ఈ చోటు ఆమెకు అస్సలు నచ్చలేదు.

"చెరువు ఎవరిదండీ?"

"అప్పలస్వామి అని, కౌలుదారు. పిలుస్తాను, మీరే అడగండి. నిన్న అడిగిందే మళ్లీ చెప్తాడు."

అప్పలస్వామి వచ్చాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ల దాకా బురద. కూర్చోమన్నా కూర్చోలేదు. కుర్చీ వంక కన్నెత్తి కూడా చూడలేదు.

"బాబాయ్, సోమవారం జయప్రకాష్ వచ్చేడా?"

"వచ్చేరండి. బండి ఇక్కడెట్టేసి కాలవ గట్టంట నడిచెళ్లిపోయేరండి, ఎర్ర జెండాల చెరువులకేసి."

"తాళం బండికే వదిలేసా?"

"ఆయ్. మర్చిపోయేరేమోనండి."

"కూడా ఎవరైనా ఉన్నారా?"

"లేరండి. ఒక్కరేనండి."

"మరి ఈ కుర్చీ ఎవరికి వేసేరు?"

అప్పలస్వామి నీళ్లు నమిలాడు. "నేనే... నేను కూచుంటానండి."

"పొద్దుటి నుంచీ బురదలో దిగే మనిషివి, దీని మీద ఒక్క మరకన్నా లేదేం బాబాయ్?"

అప్పలస్వామి చూపు దించేశాడు. చేతులు మాత్రం పంచె అంచుని నలిపేస్తున్నాయి. ఇది దొంగ భయం కాదని కరుణ పోల్చుకుంది. తెల్లారితే తన మీద ఏదో విరుచుకుపడుతుందని ఎదురుచూసేవాడి భయం. దీనికి బెదిరింపు పనికిరాదు, కాసేపు వదిలెయ్యాలి.

షెడ్డు వెనక్కి నడిచింది. వెనక మెరకలో మొలిచిన జమ్ముగడ్డి ఒకచోట మాత్రం వాలిపోయి ఎండిపోయింది. గడ్డిని పాదంతో పక్కకి తోసింది. నల్లటి పైపు ఒకటి చెరువు గట్టులోంచి బయల్దేరి మట్టి కిందుగా మంచినీళ్ల కాలవలోకి దిగి ఉంది. పైపు చివర నీటిబొట్టు వేలాడుతోంది. వేలు ముంచి నాలిక చివర పెట్టుకుంది.

ఉప్పు!

ఈ కాలవ నీళ్లే అవతల ఊళ్లో బిందెల్లోకి వెళ్తాయి. ఆకుపచ్చ జెండా ఎగురుతున్న చెరువు రహస్యంగా మంచినీళ్లలోకి ఉప్పు కక్కుతోంది, జయప్రకాష్ దాన్ని కనిపెట్టాడు. కానీ కనిపెట్టినవాడు జెండా మార్చాలి కదా, కుర్చీ తుడిచి వెయ్యడమేమిటి?

"ఇదిగో మీ ఆకుపచ్చ చెరువు," అంది వీరేంద్రని పిలిచి.

వీరేంద్ర పైపుని చూసి ఒక్క క్షణం తడబడ్డాడు గానీ వెంటనే సర్దుకున్నాడు. "సరే, ఇదో తప్పు. దీని సంగతి తర్వాత చూస్తాం. ముందు మనిషి దొరకాలి. మనిషిని కొట్టి తీసుకుపోయారు మేడమ్, అది ఖాయం. నా దగ్గర రుజువుంది."

ఆ రుజువు సంగతి కరుణకి తెలుసు. సోమవారం మధ్యాహ్నం జయప్రకాష్ భార్యకి ఒక గొంతు మెసేజి పంపాడు. అదే ఆఖరు. వీరేంద్ర రాగానే ఏంజెల్ ఫోను పట్టుకుపోయి, హైదరాబాదులో ల్యాబుకి వినిపించి, వాళ్లు టైపు చేసిచ్చిన కాగితం పోలీసులకి ఒకటి, కరుణకి ఒకటి పడేశాడు. అందులో మాటల మధ్య నాలుగుసార్లు 'బాధతో మూలుగు' అని రాసి ఉంది. ఏంజెల్‌ని అడిగితే, ఆ పిల్లది నెల్లూరు, కాపరానికి వచ్చి ఏడాది కూడా కాలేదు, "నొప్పితో ఏదో అన్నారక్కా" అని భోరుమంది.

"కాగితం చదివేను. గొంతు వినలేదు. వినిపించండి," అంది కరుణ.

"దేనికి?"

"మీరు గెలిచేరని ఒప్పుకోడానికి."

ఆ మాట పనిచేసింది. వీరేంద్ర ట్యాబు తీసి శబ్దం పెంచాడు. గాలి చక్రాల మోత, ఇదే మోత. దాని మీదుగా జయప్రకాష్ గొంతు.

"ఏంజీ, నేను..." కాస్త నిశ్శబ్దం. "ఆయ్." మళ్లీ గొంతు. "నేను కాకినాడ వెళ్తున్నాను, నీళ్ల పరీక్షకి." నిశ్శబ్దం. "ఆయ్. ఈ రాత్రికి రాను, కంగారు పడకు." నిశ్శబ్దం. "ఆయ్, ఆయ్. ఫోన్ చెయ్యకేం, ఉంటాను."

"విన్నారా?" అన్నాడు వీరేంద్ర. "ఒక్కో దెబ్బకి ఒక్కో అరుపు. నాలుగు దెబ్బలు. వాళ్లు చెప్పిందే చెప్పిస్తున్నారు."

కరుణ ట్యాబు మీదకి వంగింది. మళ్లీ వినిపించమని సైగ చేసింది. రెండోసారి విన్నాక తల పైకెత్తింది.

"పప్పులో కాలేసేరండి వీరేంద్ర గారూ," అంది మెల్లగా. "దెబ్బ తిన్నవాడు మాట మధ్యలో అరుస్తాడు. ఇతను ఎదుటివాళ్లు చెప్పింది పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడంటున్నాడు. అది మూలుగు కాదండి. మా వైపు ఆయ్ అంటే 'అలాగేనండి' అని."

"అలాగేనండి అనా?"

"ఆయ్."

వీరేంద్ర ట్యాబు వంక చూశాడు. అతని వెనకున్న గార్డుల్లో ఒకడు, ఈ ఊరివాడే, చప్పున తల దించుకున్నాడు. ఆ గొంతు ఎవరైనా అతనికి వినిపించి ఉంటే మొదటిరోజే చెప్పేవాడు. వినిపించిందెవరు? అందరికీ కాగితమే పంచారు.

"భార్యని ఏంజీ అని పిలిచేవాడు ఆమెకి ఆయ్ అనడు," కరుణ గొంతు తగ్గించింది. "రైతులతో అనడు, వాళ్లే ఇతనికంటారు. మీ కంపెనీలో పైవాళ్లని సార్ అంటాడు. ఇది వేరు. ఎవరికి చిన్నప్పటి నుంచీ చేతులు కట్టుకుని నిలబడ్డాడో వాళ్లకి అనే ఆయ్. కుర్చీ తుడిచి వేసింది వాళ్లకే. ఈ మాటలన్నీ ఆ కుర్చీలోంచే చెప్పేరు. కొట్టలేదండి, ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. ఇంటికి ఇలా చెప్పవోయ్ అంటే చెప్పేడు."

"అంటే..."

"అంటే మీరు స్టేషన్లో కూర్చోబెట్టిన ఆరుగురికీ దీంతో సంబంధం లేదు."

"మీరొక్క అక్షరం పట్టుకుని మొత్తం కేసు తిరగేస్తున్నారు!" వీరేంద్ర గొంతు లేచింది. "మా చైర్మన్‌కి రిపోర్టు పంపేశాను. రైతులు మనిషిని ఎత్తుకుపోయారు, ఇక ఈ జెండాల పథకం ఆపేద్దాం అని రాశాను. సాయంత్రం మీటింగ్. ఇప్పుడు ఆయ్ అంటే అలాగేనండి అని చెప్పమంటారా?"

"చెప్పండి. సిగ్గుపడాల్సిన పనే, అయినా చెప్పండి."

ఆ పథకం ఆగిపోతే ఎవరికి లాభం? ప్రశ్న తనంతట తానే వచ్చి నిలబడింది. ఎర్ర జెండావాళ్లకి లాభమే. కానీ అందరికన్నా ఎక్కువ లాభం, దొంగపైపు మీద ఆకుపచ్చ జెండా ఎగరేసుకున్న ఈ చెరువుకి. కరుణ గిర్రున తిరిగి షెడ్డులోకి నడిచింది.

అప్పలస్వామి గోడకి ఆనుకుని ఉన్నాడు. ట్యాబు చప్పుడు అతనికీ వినిపించింది కాబోలు, పెదాలు పాలిపోయాయి.

"బాబాయ్," అంది కరుణ. "విన్నావు కదా. ఆ కుర్రాడు ఎవరికి ఆయ్ అంటున్నాడు?"

"నాకు తెల్దండి."

"నువ్వు ఇక్కడే ఉన్నావు. నీ చెరువు, నీ షెడ్డు."

"నా చెరువు కాదండి!" ఆ మాట అతని నోట్లోంచి ఊడిపడింది. పడ్డాక ఇక ఆగలేదు. "పేరు నాదండి. కాయితాల్లో నా పేరెట్టేరండి. నాకు జీతమేనండి. బాబు పైపు చూసి నన్ను కేకలేసేరండి. నేను ఫోన్ చేస్తే అసలు ఆసామి, ఆరొచ్చేరండి. ఆరిని చూసి బాబు అదిరిపోయేరండి, ఈ చెరువు ఆరిదని బాబుకీ తెల్దండి. గబగబా కుర్చీ తుడిచేసేరండి..."

"ఆరంటే ఎవరు బాబాయ్?"

అప్పలస్వామి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"మాస్టారండి. నరసింహమూర్తి మాస్టారండి."

వీరేంద్ర నవ్వబోయాడు. నవ్వు రాలేదు. నరసింహమూర్తి మాస్టారంటే రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్. జయప్రకాష్‌కి చదువు చెప్పింది ఆయనే, కంపెనీలో చేర్పించిందీ ఆయనే. సప్తధార పర్యావరణ సలహా సంఘానికి అధ్యక్షుడు. ఎర్ర జెండా, ఆకుపచ్చ జెండా అన్న ఆలోచన మొట్టమొదట ఆయన నోటి నుంచే వచ్చింది. మాస్టారు సంతకం పెట్టిన చెరువుని ఎవరూ రెండోసారి తనిఖీ చెయ్యరు.

కరుణకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె కళ్ల ముందు మాస్టారు సంతకం లేదు. ఇవాళ పొద్దుట ఏంజెల్ ఇంటి వరండాలో జరిగిందే ఉంది. తెల్లటి పంచె, మెత్తటి మాట. 'ఒంటరిగా ఆడపిల్ల, ఇక్కడెందుకమ్మా? కొత్తపేటలో మా ఇంట్లో ఉంచుతాను. మా ఆవిడ చూసుకుంటుంది' అన్నారాయన. ఫోన్ లేక అల్లాడుతున్న ఏంజెల్‌కి తన పాత ఫోను ఒకటి ఇచ్చి, కారెక్కించుకుని తీసుకెళ్లారు. గేటు దాకా వెళ్లి సాగనంపింది ఎవరు? తనే. 'జాగ్రత్తండి మాస్టారూ' అని తనే చెప్పింది. 'మరేం ఫర్లేదు, నువ్వు నీ పని చూసుకోమ్మా' అంటే, తను కూడా చేతులు కట్టుకుని ఆయ్ అంది.

పొద్దున్న రాసుకున్న ఆ ఫోను నంబరు నొక్కింది. మోగింది. మోగుతూనే ఉంది. ఎత్తు తల్లీ, ఎత్తు.

"అక్కా!" ఏంజెల్ గొంతు. ఏడుపు కాదు. రెండు రోజులుగా విననంత వెలుగుంది ఆ గొంతులో. "నేనే చేద్దామనుకుంటున్నానక్కా! ఆయన బతికే ఉన్నారంట!"

"ఏంజెల్, ఎక్కడున్నావు?"

"మాస్టారు కనుక్కున్నారక్కా. ఎర్ర జెండా వాళ్లు చంపేస్తారని భయపడి గోదావరి మధ్య లంకలో దాక్కున్నారంట. పోలీసులకి తెలిస్తే వాళ్లకీ తెలిసిపోతుంది, మనమే వెళ్లి తీసుకొద్దాం అన్నారు మాస్టారు. కపిలేశ్వరపురం రేవుకి వచ్చేశాం."

ఫోన్లో గాలి హోరు, దూరంగా పడవ ఇంజను చప్పుడు. కపిలేశ్వరపురం ఇక్కడికి గంటకి పైగా ప్రయాణం.

"ఏంజెల్, నా మాట విను. పడవ ఎక్కకు. రేవులో మనుషులున్నారా? ఎవరున్నా సరే వాళ్ల దగ్గరికి వెళ్లు. గట్టిగా కేకలెయ్యి. మాస్టారితో..."

"ఏంటక్కా? వినపడ్డం లేదు, ఇంజను వేశారు... లేదు మాస్టారూ, కరుణక్కే... ఆఁ, పెట్టేస్తానండి." గొంతు మళ్లీ దగ్గరికొచ్చింది. "ఆయన్ని తీసుకొచ్చాక చేస్తానక్కా. నువ్వేం భయపడకు, మాస్టారే చెయ్యి పట్టుకుని ఎక్కిస్తున్నారు."

కట్టయింది.

"మీ పోలీసు స్నేహితులకి ఫోన్ చెయ్యండి!" కరుణ అరిచింది. "ఆ రేవుకి దగ్గర స్టేషన్ ఏదైతే దానికి, ఇప్పుడే! జీపు తియ్యమనండి!" వీరేంద్ర ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. చెవికి ఫోను పెట్టుకుని బయటికి పరుగెత్తాడు. కరుణ కూడా గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి అప్పలస్వామి పిలిచాడు.

"అమ్మగారూ."

ఆమె ఆగింది.

"లంకలో ఎవరూ లేరండి." గొంతు పీలగా వస్తోంది. "మాస్టారు బాబుతో మంచిగానే మాట్లాడేరండి. ఇద్దరం వెళ్లి కంపెనీకి చెప్పుకుందాం, పైపు లోపలి మూతి ఎక్కడుందో ఒకసారి దిగి చూడవోయ్ అన్నారండి. చక్రాలాపించి బాబు దిగేరండి. నేను ఇక్కడ స్విచ్చి దగ్గరున్నానండి. చక్రాలకి కరెంటు వెయ్యరా అని కేకేసేరండి, వేసేనండి. ఆ వైరు తెగి నీళ్లలో ఉందని నాకు తెల్దండి. దేవుడి మీద ఒట్టండి, బాబు ఇంకా నీళ్లలోనే ఉన్నారనీ తెల్దండి."

కరుణ చెరువు వైపు చూసింది. గాలి చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. నీళ్లు నురుగుతో తెల్లగా ఉన్నాయి.

"తూము గుంటలో ఉన్నారండి. పైన ఇసక బస్తాలేసేమండి," అన్నాడు అప్పలస్వామి. అని, నేల మీద కూలబడిపోయాడు.

కరుణ మళ్లీ ఏంజెల్ నంబరు నొక్కింది. ఫోను స్విచ్చాఫ్ చేసి ఉంది.